గుర్రమా, ఓడా? వర్చువల్ లోకాల చట్టం, విశాఖ పాఠం

వర్చువల్ లోకాల చట్టం: సర్వర్ల మీద నడుస్తూ, ఒకేసారి వేలమంది అవతార్ల రూపంలో తిరుగుతూ, స్థలాలు, కత్తులు, బట్టలు కొనుక్కుంటూ, అమ్ముకుంటూ, తగాదాలు పడుతూ ఉండే ఆన్‌లైన్ జగత్తుల్లో పుట్టే వివాదాలకు వర్తించే న్యాయ సూత్రాలు. సెకండ్ లైఫ్, రూన్‌స్కేప్, రోబ్లాక్స్, మన పిల్లలు రాత్రింబవళ్లు ఆడే బీజీఎంఐ అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ఇందులో ప్రతి ప్రశ్నా ఒక పాత పాఠ్యాంశపు గుమ్మం దగ్గరే ఆగుతుంది. ఆటలో పోయిన కత్తి ఆస్తి చట్టం తలుపు తడుతుంది. ‘ఐ అగ్రీ’ నొక్కిన వేలు కాంట్రాక్టు చట్టంలోకి దారి తీస్తుంది. అవతార్ మీద జరిగిన వేధింపు నేర చట్టాన్ని ఇరుకున పెడుతుంది. వీటన్నిటికీ ముందు ఇంకో ప్రశ్న నిలబడుతుంది: దావా ఏ ఊళ్లో వెయ్యాలి?

దీన్ని విడిగా ఒక సబ్జెక్టుగా చెప్పాలా వద్దా అన్న వాదానికి మూడు దశాబ్దాల వయసుంది. 1996లో షికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సులో అమెరికా న్యాయమూర్తి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్ సైబర్ చట్టాన్ని ‘గుర్రపు చట్టం’ అని ఎద్దేవా చేశారు. గుర్రాల అమ్మకాల మీద, గుర్రం తన్నిన దెబ్బల మీద, పందేల మీద ఎన్నో కేసులున్నాయి. అంతమాత్రాన గుర్రపు చట్టం అని కోర్సు పెడతామా? కాంట్రాక్టులు, టార్టులు, ఆస్తి చట్టం గట్టిగా చెబితే గుర్రం సంగతి విద్యార్థే చూసుకుంటాడన్నది ఆయన మాట. 1999లో లారెన్స్ లెసిగ్ హార్వర్డ్ లా రివ్యూలో జవాబిచ్చారు. ఈ లోకాల్లో కంప్యూటర్ కోడే నియమాల పని చేస్తుంది కాబట్టి, ఇక్కడి పాఠం చట్టాన్ని గురించే కొత్త సంగతి నేర్పుతుందన్నారు.

ఈ వాదాన్ని విశాఖలో కూర్చుని చదివితే ఒక లోపం కనబడుతుంది. గుర్రానికి వేరే చట్టం లేదన్నమాట నిజమే గానీ, ఓడకు ఉంది. వందల ఏళ్లుగా ఉంది, అదీ బలంగా ఉంది. ఓడ వెళ్లిపోతుంది, యజమాని ఎక్కడో ఉంటాడు, సరుకు మరొకడిది, నావికులు ఇంకో దేశం వాళ్లు. మామూలు దావా ఆ తెరచాపను అందుకోలేకే అడ్మిరాల్టీ చట్టం పుట్టింది. కాబట్టి విద్యార్థి ముందుంచాల్సిన ప్రశ్న ఒకటే: వర్చువల్ లోకం గుర్రం లాంటిదా, ఓడ లాంటిదా? ఈ వ్యాసకర్త లెక్కలో ఆస్తి, ఒప్పందం, నేరం విషయాల్లో అది చాలావరకు గుర్రమే. న్యాయ పరిధి దగ్గరికి వచ్చేసరికి ఓడ అవుతుంది.

రేవులో అరెస్టయిన ఓడ

విశాఖలో న్యాయ విద్యకు రెండు పెద్ద చిరునామాలున్నాయి. ఒకటి 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ న్యాయ కళాశాల. రెండోది 2008 నాటి రాష్ట్ర చట్టంతో వచ్చి, సబ్బవరంలోని న్యాయప్రస్థ ప్రాంగణంలో నడుస్తున్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. 1960 నుంచి 1962 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న సంజీవయ్య కూడా లా చదివినవారే. ఈ రెండు చోట్ల నుంచీ అంత దూరం కాని రేవులోనే, పరిధి పాఠానికి పనికొచ్చే గొప్ప కేసు పుట్టింది.

1984 ఫిబ్రవరి 8న ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మార్మగోవా రేవు వదిలింది. సరుకు ఎక్కించిన గోవా కంపెనీ హర్వన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ట్రేడింగుకు బిల్స్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే బయలుదేరింది. కొన్నవాడు డబ్బు కట్టలేదు, సరుకు అప్పగించవద్దని ఎగుమతిదారు చెప్పినా గల్ఫ్‌లో దించి ఇచ్చేసింది. ఓడ యజమాని విదేశీ కంపెనీ. దానికి ఇక్కడ ఆఫీసూ లేదు, ఆస్తీ లేదు. సమన్లు ఎవరికి అందించాలి? రెండు నెలలు దాటగానే, ఏప్రిల్ 13న, అదే ఓడ విశాఖ రేవులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని అక్కడే నిర్బంధించారు. మనిషి దొరక్కపోతే వస్తువు మీదే దావా. అడ్మిరాల్టీ భాషలో దీన్ని ‘ఇన్ రెమ్’ అంటారు.

యజమాని తరఫు వాదన గట్టిదే. బ్రిటిష్ పాలనలో అడ్మిరాల్టీ అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఉండేది. 1861 నాటి ఇంగ్లండ్ చట్టం రేవులోకి తెచ్చిన సరుకు గురించి మాట్లాడిందే తప్ప, బయటికి తీసుకెళ్లిన సరుకు ఊసెత్తలేదు. అలాంటప్పుడు ఆంధ్ర హైకోర్టు ఈ ఓడను ఎలా ఆపుతుంది? 1992 ఫిబ్రవరి 26న జస్టిస్ టి.కె. థొమ్మెన్ రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను పక్కకు నెట్టింది. మన హైకోర్టులు సర్వోన్నత స్థాయి రికార్డు కోర్టులు, వలస చట్టాలు గీసిన గీత దగ్గర వాటి అధికారం ఆగిపోదంది. స్పష్టంగా తీసివేస్తే తప్ప అధికారం ఉన్నట్టే. పార్లమెంటు ఈ శాఖకు సొంత చట్టం చేసింది 2017లో. అది 2018 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ పావు శతాబ్దం పాటు దేశంలో ఓడల అరెస్టులకు ఈ తీర్పే పెద్ద దిక్కు.

ఇదే కొలతను సెకండ్ లైఫ్‌కు పెట్టి చూద్దాం. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ 2003లో మొదలుపెట్టిన లోకం అది. పెన్సిల్వేనియాకు చెందిన మార్క్ బ్రాగ్ అనే లాయరు 2006లో వేలంలో ఒక దొడ్డిదారి కనిపెట్టి, 300 డాలర్లకు కొంత వర్చువల్ భూమి కొన్నారు. కంపెనీ ఆ భూమితోపాటు ఆయన ఖాతా మొత్తాన్నీ స్తంభింపజేసింది. బ్రాగ్ సొంత రాష్ట్రంలో దావా వేస్తే, నిబంధనల ప్రకారం శాన్‌ఫ్రాన్సిస్కోలో మధ్యవర్తిత్వానికి రావాలంది. ఇక్కడే ఓడ పోలిక తిరగబడుతుంది. విశాఖలో ఓడ ఒకరిది, రేవు మరొకరిది, కోర్టు ఇద్దరిదీ కాదు. వర్చువల్ లోకంలో ఓడా, సరుకూ, రేవూ ఒకే కంపెనీవి. తగాదా తీర్చే పెద్దమనిషిని ఎంచే పద్ధతి కూడా ఆ కంపెనీయే రాసుకుంది. అరెస్టు చెయ్యడానికి బయట ఏదీ మిగలదు.

అందుకే బయట మిగిలిన కాస్తంత వస్తువు కోసం న్యాయవాదులు వెతుకుతూ ఉంటారు. అమెరికా 1999 చట్టంతో ఇంటర్నెట్ డొమైన్ పేర్ల మీద ఇన్ రెమ్ దావాకు వీలు కల్పించింది. పేరు నమోదైన సంస్థ ఉన్న ఊరే దానికి రేవు. మన దగ్గర 2009లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం బన్యన్ ట్రీ కేసులో వేరే గీత గీసింది. ప్రతివాదులు హైదరాబాదు వాళ్లు, దావా ఢిల్లీలో. వెబ్‌సైటు ఢిల్లీలో తెరుచుకుంటుంది కదా అంటే చాలదు, అక్కడి జనంతో వ్యాపారం చెయ్యాలని ప్రతివాది బుద్ధిపూర్వకంగా పూనుకున్నట్టు చూపించాలని చెప్పింది. ఇక ఆట కంపెనీతో తగాదా పడ్డ ఏ గాజువాక కుర్రాడికైనా నిజంగా పనికొచ్చే రేవు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వెయ్యవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో కాదు, విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్. పరిధి పాఠం చెప్పేవాళ్లు ఎలిజబెత్ దగ్గర మొదలుపెట్టి ఈ సెక్షన్ దగ్గర ఆగితే, విద్యార్థికి సిద్ధాంతంతోపాటు కక్షిదారుకు ఇవ్వదగ్గ సలహా కూడా చేతికొస్తుంది.

కత్తి ఎవరిది?

2001లో ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా ఎవర్‌క్వెస్ట్ ఆటలోని నోరాత్ అనే లోకం ఆర్థిక వ్యవస్థను లెక్కగట్టి, తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లని తేల్చారు. ఆటలో దొరికిన వస్తువులను బయట వేలం సైట్లలో అసలు డబ్బుకు అమ్ముకోవడం అప్పటికే మామూలైపోయింది. కోర్టుల దాకా రావడం ఎంతో దూరంలో లేదు. 2003లో బీజింగ్ కోర్టు ఒక ఆటగాడి ఖాతా నుంచి మాయమైన ఆయుధాలను తిరిగి ఇమ్మని హాంగ్‌యూ ఆట నిర్వాహకులను ఆదేశించింది. నెదర్లాండ్స్‌లో 2007లో ఇద్దరు కుర్రాళ్లు 13 ఏళ్ల పిల్లవాణ్ని కొట్టి, బెదిరించి, రూన్‌స్కేప్‌లో అతని తాయెత్తు, ముసుగు తమ ఖాతాకు మార్చుకున్నారు. 2012 జనవరి 31న డచ్ సుప్రీంకోర్టు దాన్ని దొంగతనమే అంది. ఆ వస్తువుల కోసం పిల్లవాడు కాలం, శ్రమ పెట్టాడు, వాటి మీద పట్టు అతనిదే, ఆ పట్టును లాక్కున్నారు. అంతకంటే కావలసిందేముంది?

మన విద్యార్థికి ఇక్కడ ఒక చక్కని లెక్క దొరుకుతుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 22వ సెక్షన్ చరాస్తిని నిర్వచిస్తూ ‘భౌతిక రూపం ఉన్న’ ఆస్తి అంది. ఆట కత్తికి భౌతిక రూపం లేదు కాబట్టి దొంగతనం సెక్షన్ దాన్ని తాకదని వాదించడం తేలిక. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2(21)లో ఆ విశేషణం ఎగిరిపోయింది. భూమి, భూమికి అంటుకున్నవి తప్ప అన్ని రకాల ఆస్తీ చరాస్తేనని ఉంది. పార్లమెంటు ఆట కత్తిని దృష్టిలో పెట్టుకుని రాసిందని ఎవరూ అనలేరు గానీ, తలుపు మాత్రం తెరుచుకుంది. అయినా ఇంకో గడప ఉంది. దొంగతనానికి వస్తువు ‘ఒకరి స్వాధీనం నుంచి’ పోవాలి. ఆట కత్తి ఆటగాడి స్వాధీనంలో ఉందా, కంపెనీ సర్వరు స్వాధీనంలో ఉందా? మూట్ కోర్టుకు ఇంతకంటే మంచి సమస్య దొరకదు.

ఆచరణలో పోలీసుకు దగ్గరి దారి ఐటీ చట్టం. పాస్‌వర్డు కొట్టేసి ‘ఐడీ’ అమ్ముకున్నవాడి మీద 66సి కింద కేసు నిలుస్తుంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అందువల్ల మన దగ్గర ఆస్తి ప్రశ్న తేలకుండానే కేసులు ముగిసే వీలుంది. సిద్ధాంతం ఇష్టపడేవాళ్లకు ఇది కాస్త నిరాశే.

ఆస్తి అవునా కాదా అన్నది తేల్చకముందే పన్ను వచ్చేసింది. 2022 ఆర్థిక చట్టం ‘వర్చువల్ డిజిటల్ ఆస్తి’ని నిర్వచించి, దాని బదిలీ మీద వచ్చే ఆదాయంపై 30 శాతం పన్ను వేసింది. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు క్రిప్టో నాణేలు ఆస్తేనని, ట్రస్టు కింద ఉంచదగినవని పలికింది.

ఈ అధ్యాయానికి మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణ పబ్జీది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఐటీ చట్టం 69ఎ కింద 118 యాప్‌లను నిషేధించింది. పబ్జీ మొబైల్ అందులో ఒకటి. రాయల్ పాస్‌లు, గన్ స్కిన్‌లు డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కొద్ది వారాల్లో అవన్నీ అందకుండా పోయాయి. ఇది రాజ్యాంగం 300ఎ చెప్పే ఆస్తి హరణమా? లేక లైసెన్సు ముగియడమా? 2021లో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చి పాత ఖాతాల సరుకును కొంతకాలం పాటు తెచ్చుకోనివ్వడంతో చాలామంది కోపం చల్లారింది. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. 2022లో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై, మరుసటి ఏడాది తిరిగొచ్చింది.

చదవని ఒప్పందం

బ్రాగ్ కేసులో 2007 మేలో జడ్జి ఎడ్వర్డో రొబ్రేనో మధ్యవర్తిత్వ నిబంధనను కొట్టేశారు. ఒప్పుకుంటే ఒప్పుకో, లేకపోతే పో అన్న తీరులో పెట్టిన షరతు, పైగా ఖర్చు, దూరం, రహస్యం అన్నీ కంపెనీకే అనుకూలం. అది అన్యాయమైన బేరమన్నారు. అదే ఏడాది ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, దాంతో భూమి ఎవరిదన్న అసలు విషయం తేలనే లేదు.

మన చట్టంలో ఆ బ్రాగ్ ఎక్కడ నిలబడతాడు? ఎలక్ట్రానిక్ ఒప్పందం చెల్లుతుందని ఐటీ చట్టం 10ఎ చెబుతుంది. చట్టబద్ధ చర్యలకు దారి మూసే ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 28 చెబుతూనే మధ్యవర్తిత్వాన్ని మినహాయిస్తుంది. బలాబలాలు సరితూగని బేరాలను కోర్టు తోసిపుచ్చవచ్చని 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టు అంది. అదీ పడవల కంపెనీ కేసే కావడం విశాఖ విద్యార్థికి గుర్తుపెట్టుకోవడానికి వీలు. 2019 వినియోగదారుల చట్టం ‘అన్యాయ ఒప్పందం’ అన్న మాటకు నిర్వచనమే ఇచ్చింది. అయితే దాని మీద ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, జిల్లాకు కాదు. పరీక్షల్లో తరచూ తప్పిపోయే సూక్ష్మం ఇది.

మైనర్ల సంగతి మరీ రసవత్తరం. ఉక్కునగరంలో పదహారేళ్ల పిల్లాడొకడు వాళ్లమ్మ ఫోన్‌లో యూపీఐ పిన్ కొట్టి ఆట నాణేలు కొన్నాడనుకుందాం. 1903లో ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో మైనరు ఒప్పందం మొదటి నుంచీ చెల్లదంది. అంటే కోట్లమంది పిల్లలు ‘ఐ అగ్రీ’ నొక్కిన లోకాల్లో, భారతదేశం వరకు, ఒప్పందాలు చట్టం లెక్కలో లేవన్నమాట. డబ్బు తిరిగి వస్తుందా అంటే మళ్లీ చిక్కు: చెల్లింపు తల్లి ఖాతా నుంచి, ఆమె పిన్‌తో జరిగింది. ఆమె నిర్లక్ష్యం ఎంత? అమెరికాలో 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్, ఏమరుపాటులో కొనిపించే బటన్ల వ్యవహారంలో వినియోగదారులకు 24.5 కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి ఒప్పుకుంది. మన దగ్గర 2023 నవంబరులో ‘డార్క్ ప్యాటర్న్‌ల’ మీద మార్గదర్శకాలు వచ్చాయి. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అడుగుతుంది.

పదమూడు ముక్కల నుంచి ఆట నాణేల దాకా

పేకాట లేకుండా తెలుగువాళ్ల న్యాయ చరిత్ర పూర్తికాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్న కేసు సుప్రీంకోర్టుకు వెళ్లి, 1967 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణగా తీర్పయింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది విడవాలో తేల్చుకోవాలి, కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ప్రధానం; మూడు ముక్కలాట అలా కాదంది కోర్టు. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏళ్లతరబడి ఈ తీర్పు నీడలోనే వ్యాపారం చేశాయి.

ఆ నీడను ముందుగా తొలగించింది కూడా తెలుగు రాష్ట్రాలే. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి, నైపుణ్యమున్నా సరే పందెం కాస్తే నేరమన్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడానే చెరిపేసింది. డబ్బుతో ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం గుర్తింపు ఇచ్చింది.

వర్చువల్ లోకాలతో దీనికేం పని అంటే, ఆ చట్టంలో పందెపు సొమ్ముకిచ్చిన నిర్వచనం క్రెడిట్లు, నాణేలు, టోకెన్లను కూడా కలుపుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న నాణేలతో తెరిచే ‘లూట్ బాక్స్’లో ఏం వస్తుందో ముందు తెలియదు, వచ్చిన స్కిన్ బయట అమ్ముడుపోతుంది. అది జూదమా? 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని ఆటల విషయంలో అవునంది. మన కొత్త చట్టం ఎటు మొగ్గుతుందో విద్యార్థి తానే అర్థం చెప్పి చూపించాలి.

తాకని దెబ్బ, అద్దెకు పోయిన ముఖం

1993 డిసెంబరులో జూలియన్ డిబెల్ అనే పాత్రికేయుడు విలేజ్ వాయిస్ పత్రికలో రాసిన వ్యాసంతో అవతార్ల మీద వేధింపు గురించిన చర్చ మొదలైంది. లాంబ్డామూ అనే అక్షరాల లోకంలో ఒకడు ఇతరుల పాత్రలను తన గుప్పిట్లోకి తెచ్చుకుని, వాటి మీద లైంగిక హింస జరుగుతున్నట్టు అందరి ముందూ రాయించాడు. బాధితుల్లో ఒకామె తెర ముందు కూర్చుని నిజంగానే ఏడ్చింది. అక్కడి జనం సభ పెట్టుకుని వాదించుకున్నారు గానీ తీర్మానానికి రాలేదు. చివరికి ఒక నిర్వాహకుడు ఆ ఖాతాను తొలగించాడు. చట్టం చెయ్యలేని పని కోడ్ చేసింది. 2022లో మెటా తన లోకంలో అవతార్ల మధ్య సుమారు నాలుగడుగుల హద్దు పెట్టడమూ ఆ వరుసలోదే.

మన న్యాయ సంహితలో ‘బలప్రయోగం’ అంటే దేహానికో, దేహాన్ని అంటుకున్న దానికో తాకిడి కావాలి. అవతార్‌ను తడిమితే దేహానికి ఏదీ తగలదు. కనుక మహిళ మీద బలప్రయోగాన్ని గురించిన 74వ సెక్షన్ నిలవదు. మాటతో, సైగతో మహిళను అవమానపరచడాన్ని నేరమనే 79, వేధింపును గురించిన 75, ఇంటర్నెట్ వాడకాన్ని వెంటాడటాన్ని కూడా చేర్చుకున్న 78 నిలుస్తాయి. బాధితురాలు పద్దెనిమిదేళ్ల లోపు అయితే పోక్సో చట్టం 11వ సెక్షన్ డిజిటల్ మార్గంలో వెంటపడటాన్ని కూడా లైంగిక వేధింపుగా పరిగణిస్తుంది. తొడుక్కున్నవారికి స్పర్శ కలిగించే చేతితొడుగులు, చొక్కాలు మార్కెట్లోకి వస్తున్నాయి కాబట్టి ‘తాకిడి’ అన్న మాట ఎంతకాలం ఇలా ఉంటుందన్నది చూడాలి.

ముఖం, పేరు మీద హక్కు విషయంలో తెలుగువాళ్లే ముందు వరుసలో ఉన్నారు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న నిందితుడు గుంటూరు జిల్లావాడు. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అవతల గట్టున మరో తీర్పుంది. 2023 ఏప్రిల్‌లో క్రికెటర్ల డిజిటల్ కార్డుల వివాదంలో ఢిల్లీ హైకోర్టు, అందరికీ తెలిసిన ఆట వివరాలు, బొమ్మలు వాడుకోవడం భావప్రకటన స్వేచ్ఛ కిందికి రావచ్చంటూ నిషేధం ఇవ్వలేదు. వాదుల్లో హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ ఒకరు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివించకుండా వ్యక్తిత్వ హక్కుల పాఠం చెబితే విద్యార్థికి సినిమా హీరోల పక్షమే తెలుస్తుంది.

తరగతిలో ఏం చేయించాలి

2006లో హార్వర్డ్ ప్రొఫెసర్ చార్ల్స్ నెసన్, ఆయన కుమార్తె రెబెకా నెసన్ ‘సైబర్‌వన్’ అనే కోర్సును కొంతభాగం సెకండ్ లైఫ్‌లోనే నడిపారు. బెర్క్‌మన్ దీవి అని ఒక దీవి, అందులో హార్వర్డ్ లా స్కూలు ఆస్టిన్ హాలు నమూనా. ఎక్కడెక్కడివాళ్లో అవతార్లుగా వచ్చి కూర్చునేవారు. ఆలోచన అందమైనదే గానీ ప్రతి కాలేజీ దీవి కట్టుకోనక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో కొలంబియా దేశంలో ఒక పరిపాలనా కోర్టు విచారణను మెటావర్స్‌లో జరిపింది; అవతార్ల ముఖాల్లో సాక్షి తడబాటు కనిపించదన్న విమర్శ వెంటనే పుట్టింది. కోవిడ్ కాలంలో తెర మీద వాదించిన మన లాయర్లకు ఈ ఇబ్బంది కొత్తగా చెప్పనక్కర్లేదు.

బార్ కౌన్సిల్ 2008 నియమాలు ముసాయిదా రచన, వృత్తి నీతి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు అనే నాలుగు క్లినికల్ పేపర్లను తప్పనిసరి చేశాయి. వర్చువల్ లోకాల పాఠం ఉపన్యాసాల్లో కంటే ఈ నాలుగింటిలోనే బాగా ఇముడుతుంది. ఒక ఆట నిబంధనల పత్రం చేతికిచ్చి, మన చట్టం ముందు నిలవని వాక్యాలకు ఎర్ర గీత పెట్టమనాలి. కంచరపాలెం స్నేహితుడు తన ఐడీని టెలిగ్రామ్‌లో అమ్మేశాడని గాజువాక కుర్రాడు వచ్చాడనుకుని పోలీసు ఫిర్యాదు రాయమనాలి. అదే కుర్రాడి కోసం జిల్లా కమిషన్‌కు ఇంకో ఫిర్యాదు. రెండు కాగితాల్లో వాస్తవాలు ఒకటే అయినా కథ వేరుగా చెప్పాలని రాసేటప్పుడే తెలిసొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది రుజువు మీద. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలి. దాని నమూనాలో హ్యాష్ విలువ రాయాలి, ఒక భాగం పార్టీ, మరో భాగం నిపుణుడు నింపాలి. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు పాత 65బి ధ్రువపత్రం తప్పనిసరని ఖాయం చేసింది. ఆటలోని సంభాషణ స్క్రీన్‌షాటు తీసుకుని కోర్టుకెళ్లిన కక్షిదారు ఈ ధ్రువపత్రం దగ్గరే బోల్తాపడతాడు. అసలు లాగ్ విదేశీ కంపెనీ సర్వర్లో ఉంటుంది, కంపెనీ కొన్నాళ్లకు దాన్ని చెరిపేస్తుంది. కాబట్టి మొదటి రోజే పంపాల్సిన కాగితం నష్టపరిహారం నోటీసు కంటే ముందు, రికార్డును భద్రపరచమనే నోటీసు. ఈ చిన్న అలవాటును ఏ పాఠ్యపుస్తకమూ గట్టిగా చెప్పదు.

ఇతరుల రాతలను మోసే మధ్యవర్తి సంస్థల (ఇంటర్మీడియరీల) బాధ్యతకు కూడా తెలుగు నేల మీది కేసే ఉంది. గూగుల్ ఇండియా వర్సెస్ విశాక ఇండస్ట్రీస్. పేరు చూసి విశాఖ కంపెనీ అనుకునేరు, అది సికింద్రాబాదుది. సిమెంటు రేకుల తయారీ వాళ్లది. గూగుల్ గ్రూపులో తమ మీద వచ్చిన రాతల గురించి కేసు పెట్టారు. 2009 సవరణకు ముందున్న ఐటీ చట్టం 79వ సెక్షన్ పరువునష్టం కేసులో గూగుల్‌ను కాపాడదని 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సవరణ తరవాత కథ మారింది. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటీసో అందాకే తొలగించే బాధ్యత అని 2015 శ్రేయా సింఘాల్ తీర్పు అర్థం చెప్పింది. వర్చువల్ లోకం నడిపే కంపెనీ తాను కేవలం మధ్యవర్తినని అనగలదా? కత్తి తయారుచేసిందీ, పోరు నియమాలు రాసిందీ, నాణెం ముద్రించిందీ అదే కదా.

సర్వరు రేవుకొస్తే

1933లో మొదటి ఓడలను అందుకున్న రేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం విశాఖ న్యాయవాదుల పనిని చాలాకాలం నిర్ణయించాయి: సరుకు, కార్మికులు, భూసేకరణ, బీమా. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో 2026 నుంచి 2030 దాకా అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో డేటా కేంద్రం, సముద్రగర్భ కేబుళ్లతో కూడిన ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ఉద్యోగాలు, నీళ్లు, కరెంటు మీద జరుగుతున్న చర్చలో న్యాయ పరిధి ఊసు పెద్దగా వినబడలేదు. విద్యార్థికి మాత్రం అదే పెద్ద వార్త.

ఐటీ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, విదేశంలో ఉన్నవాడు చేసిన నేరమైనా, అందులో భారతదేశంలోని కంప్యూటరు ఇమిడి ఉంటే ఈ చట్టం వర్తిస్తుంది. న్యాయ సంహిత 1(5) కూడా భారతదేశంలోని కంప్యూటర్ వనరును లక్ష్యంగా చేసుకున్న నేరాన్ని తన పరిధిలోకి తెచ్చుకుంది. ఇప్పుడు ఒక సమస్య ఊహించవచ్చు. బ్రెజిల్ ఆటగాడొకడు కెనడా ఆటగాడి ఖాతాలోకి చొరబడి స్కిన్‌లు కాజేశాడు. ఆ ఆట నడుస్తున్న సర్వరు విశాఖలో ఉంది. ఇద్దరూ ఈ ఊరి పేరు వినలేదు. సెక్షన్ మాటల ప్రకారం నేరం మన చట్టం కిందికి వస్తుంది. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఇన్‌స్పెక్టర్ హోదా అధికారి దర్యాప్తు చెయ్యాలి. ఆయన ఎవరిని పిలవాలి? సర్వరును సీజ్ చేస్తే దాని మీదే నడుస్తున్న ఆసుపత్రి రికార్డులు, బ్యాంకు లెక్కలు ఏమవుతాయి? అడ్మిరాల్టీలో ఓడను ఆపితే యజమాని పూచీకత్తు కట్టి విడిపించుకుంటాడు. ఎలిజబెత్ అలాగే వెళ్లింది. సర్వరుకు అలాంటి పూచీకత్తు పద్ధతి మన చట్టంలో లేదు. కావాలంటే 2017 అడ్మిరాల్టీ చట్టాన్ని నమూనాగా తీసుకుని రాసుకోవచ్చు. నాలుగో సంవత్సరం ముసాయిదా పేపరుకు అది సరిపడే పని.